తాళపుచెవి యెవరిచేత నున్నది?

సాఫ్ట్‌వేర్ పరిశ్రమయందు పనిచేయు మన యువకులనోట తఱచుగా నొక మొఱ వినవచ్చుచుండును. తాము వాడుకొను ఓపెన్‌సోర్సు లైబ్రరీలో దోషము కనబడినది, దానిని నిర్వాహకునికి వ్రాసి తెలిపినారు, నెలలు గడచినవి, ప్రత్యుత్తరము లేదు. దోషమును సవరించి దిద్దుబాటును గూడ పంపినారు. దానిని చూచిన జాడయైనను లేదు. పని నిలిచిపోయినది, పైయధికారులు నిలదీయుచున్నారు. ఇట్టి నిర్వాహకునితో నేమి చేయవలయును?

ఇది కంప్యూటరు పనివారి గొడవయని పాఠకులు త్రోసివేయకుందురుగాక. బ్యాంకులోని రొక్కము, రైలు టిక్కెట్టు, ఆసుపత్రి చీటీ, ప్రభుత్వ కార్యాలయపు దస్త్రము, ఇవన్నియు నేడు సాఫ్ట్‌వేర్‌మీద నడచుచున్నవి. ఆ సాఫ్ట్‌వేర్‌లో పెద్దభాగము, ఏ దేశముననో యొక గృహస్థుడు పగటి యుద్యోగము ముగించుకొని రాత్రివేళ వ్రాసి లోకమునకు ఉచితముగా నిచ్చిన కోడుమీద నిలిచియున్నది. అతడు మౌనము వహించిన నష్టమెవరికి? అతనిని పలికించు హక్కు మనకు గలదా? ఈ ప్రశ్నలు ప్రజలందఱివి.

లైబ్రరీ యనగా నిచ్చట పుస్తకశాల యని యర్థము గాదు. ప్రోగ్రాము వ్రాయువాడు ప్రతి చిన్నపనిని మొదటినుండి తానే వ్రాసికొనడు. తేదీలను లెక్కించుటకు, బొమ్మలను కుదించుటకు, సందేశమును రహస్యలిపిలో పంపుటకు, ఇదివఱకే యొకరు వ్రాసి సిద్ధపఱచిన కోడును తెచ్చి కలుపుకొనును. అట్టి సిద్ధపు కోడు మూటకే లైబ్రరీ యని పేరు. ఓపెన్‌సోర్సు లైబ్రరీ యన్నచో దాని మూలపాఠము బహిరంగముగా నుండును. లైసెన్సునకు లోబడి దానిని ఎవరైనను చదువవచ్చును, ప్రతి తీసికొనవచ్చును, మార్చుకొనవచ్చును, మార్చినదానిని పరులకు పంచవచ్చును. వచ్చిన దిద్దుబాట్లను పరీక్షించి గ్రహించుటకును, క్రొత్త వెర్షనును ఆ పేరుతో విడుదల చేయుటకును అధికారము గలవాడు నిర్వాహకుడు. పనివారు వానిని మెయింటెయినర్ అందురు. ఒక్క మాటలో జెప్పవలెనన్న తాళపుచెవి యతనిచేత నుండును.

మన పట్టణములలోని పఠనమందిరముల చరిత్ర నెఱిగినవారికి ఈ స్థితి క్రొత్తగాదు. ఒక యుత్సాహవంతుడు తన యింటి యరుగుమీద నాలుగు పత్రికలు పెట్టును. పదిమంది చేరుదురు. బీరువా వచ్చును, బోర్డు వ్రేలాడును, అతడు గౌరవ కార్యదర్శి యగును. ఇరువదియేండ్లు దీపములో నూనె తానే పోయును. ఒకనాడతడు జబ్బుపడును, లేదా కూతురి పెండ్లియో, ఉద్యోగపు బదిలీయో మీదబడును. తలుపు తెఱువబడదు. అప్పుడు చందాక్రింద నొక్క దమ్మిడీయైన నియ్యనివారే ముందుగా వచ్చి తలుపు బాదుదురు.

ఆ మందిరమునకును ఈ సాఫ్ట్‌వేర్ మందిరమునకును ఒక్క భేదము మాత్రము గలదు. ఇచ్చటి గ్రంథములన్నిటిని ఎవరైనను ఉన్నవి యున్నట్లు తన యింటికి ప్రతి తీసికొని పోవచ్చును, అసలు తఱుగదు. ప్రతి తీయరానివి రెండే: గుమ్మముమీది బోర్డు, గుమ్మపు తాళపుచెవి. అనగా ఆ పేరును, ఆ పేరునందు లోకమునకు గల విశ్వాసమును. తగవంతయు వీనినిగూర్చియే. ఈ భేదమును మనసునం దుంచుకొన్నచో పైమొఱకు సమాధానము దానియంతట నదియే దొరకును.

మొట్టమొదట ఋణమెవరు ఎవరికి పడియున్నారో తేల్చుకొందము. నిర్వాహకుడు జీతము పుచ్చుకొనలేదు. కోడును ఉన్నదున్నట్లుగా నిచ్చుచున్నాననియు, దాని గుణమునకుగాని దానివలన గలుగు నష్టముకుగాని తాను పూచీ పడననియు లైసెన్సులోనే వ్రాసియిచ్చినాడు. ఎమ్.ఐ.టి. లైసెన్సు మొదలుకొని వాడుకలోనున్న ముఖ్యమైన లైసెన్సులన్నిటియందును ఈ నిబంధన గలదు. దానిని చదువకయే కోడును దించుకొని, దానిమీద వ్యాపారము కట్టి, లాభము పంచుకొన్న పిమ్మట, "నీవు పనిచేయుట లేదేమి?" యని దానకర్తను గద్దించుట యే న్యాయము? అన్నసత్రములో విస్తరి ముందు గూర్చుండి కూరలో నుప్పు చాలదని వంటవానిని తిట్టువాడు కూడ ఇంతకంటె మర్యాద గలవాడే. వాడు ఆ యన్నమును బజారులో నమ్ముకొనలేదు.

గద్దింపువలన కలుగు కీడు మర్యాదలోపముతో ముగియదు. 2024వ సంవత్సరము మార్చి 29వ తేదీన బయటపడిన ఎక్స్‌జెడ్ యుటిల్స్ వృత్తాంతమును ప్రతి ప్రోగ్రామరును జ్ఞాపకముంచుకొనదగును. ఎక్స్‌జెడ్ యనునది దత్తాంశమును కుదించి దాచు సాధనము. లినక్సు నడచు యంత్రములందు దాదాపు ప్రతిచోటను ఉండును. దానిని ఫిన్లండు దేశస్థుడగు లాసె కొల్లిన్ అనునతడు జీతభత్యములు లేకయే నిర్వహించుచుండెను. 2022లో ఆ ప్రాజెక్టు ఉత్తరప్రత్యుత్తరములయందు, అదివఱకు పెద్దగా పేరు వినబడనివారు కొందఱు ప్రవేశించి యతనిని సతాయింప మొదలిడిరి. దిద్దుబాట్లు కుళ్లిపోవుచున్నవనిరి, నీకు శ్రద్ధ పోయినదనిరి, భారమును మఱియొకరికి అప్పగింపుమనిరి. అతడు శాంతముగా బదులు చెప్పెను: తనకు శ్రద్ధ పోలేదనియు, దీర్ఘకాలముగా మనోవ్యాధివలన శక్తి తగ్గినదనియు, ఇది వేతనము లేని వినోదపు పనియను మాట మఱవవలదనియు వివరించెను.

ఇదే సమయమున "జియా టాన్" అను పేరుగల యొకరు, 2021 నుండియే వినయముగా దిద్దుబాట్లు పంపుచు, సహాయకుడై ప్రక్కన నిలిచెను. అలసినవానికి ఆసరా దొరికినది. క్రమముగా తాళపుచెవి యా చేతికి చేరినది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో 5.6.0, 5.6.1 అను రెండు వెర్షనులు వెలువడినవి. వానిలో నొక దొడ్డిదారి దాచబడియుండెను. దూరమునుండి కంప్యూటరులోనికి ప్రవేశించుటకు లోకమంతయు వాడు ఎస్.ఎస్.హెచ్. ద్వారమున, తగిన రహస్యపు కీలు గలవాడు చొఱబడి తన యాజ్ఞలు నడపించుకొనుట కది దారి. పోస్ట్‌గ్రెస్ పనివారిలో నొకడగు ఆండ్రెస్ ఫ్రాయండ్ తన యంత్రముమీద లాగిన్ కు మామూలుకంటె అరసెకను జాగగుటను గమనించి, కారణమును త్రవ్వి, గుట్టు బయటపెట్టెను. అప్పటికది డెబియన్, ఫెడోరా మొదలగువాని పరీక్షా వెర్షనులకు చేరియుండెను. సామాన్య జనము వాడు స్థిరపడిన వెర్షనులకు ఇంకను ప్రాకలేదు. అరసెకను గమనించిన యొక్కని శ్రద్ధ లోకమును కాపాడినది. జియా టాన్ ఎవరో బహిరంగముగా తేలనేలేదు. సతాయించిన పేర్లును ఆ కుట్రలోని చేతులేయని పరిశీలకులలో పెక్కుమంది యభిప్రాయము.

ఇందు మనకు గుండె గుభిల్లుమనవలసిన సంగతి యొకటి గలదు. ఆ కపట ఫిర్యాదీలు వ్రాసిన వాక్యములకును, మన సత్యసంధులగు యువకులు విసుగుచెంది వ్రాయు వాక్యములకును భేదమేమియు లేదు! ఆ మాటలే, ఆ తొందరయే, ఆ దెప్పిపొడుపే. శత్రువు క్రొత్త యాయుధమును కనిపెట్టలేదు. మన యసహనమును ఎరువు తెచ్చుకొన్నాడు. నిర్వాహకులను తిట్టుట లోకమున మామూలైపోయినందుననే యా తిట్లమధ్య కపటి యెవడో పోల్చుకొనుట కష్టమైనది.

ఇది యొక్కమాఱు జరిగిన వింతయు గాదు. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అను జావాస్క్రిప్టు లైబ్రరీని దాని కర్త, తాను వాడుట మానివేసి చాలకాలమైనందున, సహాయము చేసెదనని వచ్చిన యపరిచితునికి అప్పగించెను. ఆ వచ్చినవాడు దానికి మఱియొక చిన్న మూటను తగిలించి, కోపే యను వాలెట్టునందలి బిట్‌కాయినులను దొంగిలించు కోడును చొప్పించెను. తాళపుచెవిని గుమ్మములో మొదట కనబడినవానికి ఇచ్చుటయు, గద్దించినవానికి ఇచ్చుటయు ఒక్కటే.

మఱి మౌనమునకు మూలమేమి? సోమరితనమా? 2014 ఏప్రిలులో హార్ట్‌బ్లీడ్ అను దోషము బయటపడినప్పుడు లోకము మొదటిసారి ఓపెన్ఎస్ఎస్ఎల్ ఇంటిలోనికి తొంగిచూచెను. ఇంటర్నెట్టునందలి వెబ్ సర్వరులలో పెద్దభాగమునకు రహస్యలిపిని సమకూర్చు నా లైబ్రరీకి పూర్తికాలము పనిచేయువాడు ఒక్కడు. ఏటేట వచ్చు విరాళములు ఇంచుమించు రెండువేల డాలర్లు. కోట్లకొలది ధనము ప్రవహించు కాలువకు గట్టు కాయువాని కూలి యిది! గండి పడిన పిమ్మట గాని ధనికులగు కంపెనీలు కూడబలుకుకొని సహాయనిధి నేర్పఱచలేదు. మౌనము తఱచుగా నిర్లక్ష్యము గాదు, నీరసము.

అట్లని నిర్వాహకునికి ఏ ధర్మమును లేదని మేము చెప్పుట లేదు. దానము చేసినవాడు జీవితాంతము సేవ చేయనక్కఱలేదు. కాని పదిమంది రాకపోకలు సాగించు త్రోవలో తాను మూసిన తలుపుమీద "మూసితిని" అని యొక్క చీటీ యంటింపవలయును. గిట్‌హబ్ వంటి తావులందు ప్రాజెక్టును భద్రపఱచి మూసివేసితినని చాటు ఏర్పాటు గలదు. దానికి పట్టు కాలము క్షణము. "ఇక నేను చూడజాలను, కావలసినవారు వేఱుగా నడుపుకొనుడు" అను రెండు వాక్యములు వేలమంది పనివారికి నెలల నిరీక్షణమును తప్పించును. ఓపిక యుండగనే మఱి యిద్దఱను తోడు చేర్చుకొని, తాళపుచెవికి జతలు చేయించి యుంచుట ఇంకను మేలు. పలుకక, పలుకనని చెప్పక, పేరును మాత్రము పట్టుకొని కూర్చుండుట దానధర్మమునకు శోభ గాదు. ఈ మాటను మేము నిర్వాహకులకు విన్నపముగా చెప్పుచున్నామే కాని యాజ్ఞగా గాదు.

ఇక మొఱపెట్టు మన యువకులకు. మీరు నిజముగా మౌనమునే యెదుర్కొనుచున్నారా, తొందరలోనున్నారా యని ముందుగా చూచుకొనుడు. చివరి వెర్షను వెలువడి వారములైనదా, వత్సరములైనదా? ఇతరుల దిద్దుబాట్లు గ్రహింపబడుచున్నవా? సహ నిర్వాహకులెవరైన గలరా? పిమ్మట మీ వ్రాతను మీరే మరల చదువుకొనుడు. ఏ వెర్షనులో, ఏ యంత్రముమీద, ఏమి చేసిన దోషము కనబడునో పదిపంక్తులలో తిరిగి చేసి చూపగలిగితిరా? దిద్దుబాటుతోబాటు దానికి పరీక్షను వ్రాసి పంపితిరా? ఒక్క దిద్దుబాటులో ఐదు మార్పులు కుక్కితిరా? అలసినవానికి మీ యుత్తరము పని పెంచునా, తగ్గించునా యనునదే కొలబద్ద. ఇతరులు పంపిన దిద్దుబాట్లను పరీక్షించి, మంచిచెడ్డలు వ్రాసి పెట్టువాడు నూఱుమంది ఫిర్యాదీలకంటె ప్రియమైనవాడు.

ఈలోగా పని యాగనక్కఱలేదు. లైసెన్సు మీ కిచ్చిన స్వాతంత్ర్యము దీనికొఱకే. కోడును ప్రతి తీసికొని, దిద్దుకొని, మీ పనికి వాడుకొనుడు. ఏ మార్పు చేసితిరో వ్రాసి యుంచుకొనుడు. దోషము భద్రతకు సంబంధించినదైనచో వీథిలో చాటవలదు. రహస్యముగా తెలిపి గడువు నీయుడు. తొంబదిదినముల గడువు ఈ రంగమున వాడుకలో నున్నది. పలుకు లేనిచో మన దేశమున కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ వంటి మధ్యవర్తులు గలరు.

ఇంతచేసినను మౌనము వీడనిచో, అప్పుడు వేఱుకాపురము. ప్రోగ్రామర్లు దీనిని ఫోర్కు అందురు. వేఱుకాపురమనగనే కలహమని తలపవలదు. 1997లో జీసీసీ కంపైలరు పని మందగించినదని కొందఱు ఈజీసీఎస్ అను పేరుతో వేఱుపడిరి. పాత పేరును లాగుకొనలేదు; నిర్వాహకులను దూషించుటతో కాలము గడపలేదు; పనిచేసి చూపిరి. 1999లో ఆ వేఱింటి కోడే అసలు జీసీసీగా నంగీకరింపబడినది. నోడ్.జెఎస్ విషయమునను ఇట్లే జరిగినది. 2014 చివర ఐఓ.జెఎస్ అను పేర వేఱుపడినవారు 2015లోనే మరల కలిసి, ఉమ్మడిగా నోడ్ 4.0 వెర్షనును వెలువరించిరి. వేఱుపడుటకు నియమములు గలవు: క్రొత్త పేరు పెట్టుకొనవలయును, పూర్వకర్తల పేర్లను, లైసెన్సును చెఱపరాదు, వేఱుపడుటకు కారణమును మర్యాదగా వ్రాయవలయును, అన్నిటికంటె ముఖ్యముగా, రేపు తనకు వచ్చు ఉత్తరములకు తాను బదులు వ్రాయగలనా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలయును. ఆ ప్రశ్నకు నిజాయితీగా బదులు చెప్పుకొన్ననాడు మనకు పాత నిర్వాహకునిపై కోపము సగము చల్లారును.

కొన్ని సందర్భములలో ఆ పేరే కావలసివచ్చును. వేలకొలది ప్రోగ్రాములు ఆ పేరునే పిలుచుచుండును. అప్పుడైనను తాళపుచెవిని వ్యక్తి ఊడలాగరాదు, పంచాయతి చూచుకొనవలయును. పైథాను వారి ప్యాకేజీ సూచికలో దీనికి వ్రాతపూర్వకమగు కట్టుబాటు గలదు. కర్తకు కనీసము మూడుమాఱులు వ్రాసి ఆఱువారములు వేచిన పిమ్మటగాని ప్రాజెక్టును దిక్కులేనిదిగా నెంచుట లేదు. డెబియన్ వారును ఆలనాపాలనా తప్పిన ప్యాకేజీని చేపట్టగోరువాడు ఆ సంగతి బహిరంగముగా ప్రకటించి, ఇరువదియొక్క దినములు ఆక్షేపణకు తావిచ్చి, ఆ మీదటనే ముందుకు సాగవలెనని నిర్ణయించుకొన్నారు. చాటింపు, గడువు, సాక్షులు, ఈ మూడును మన పల్లెల పెద్దలు పొలముగట్టు తగవులలో పాటించినవే. చాటున ఒత్తిడి పెట్టి చేజిక్కించుకొన్న తాళపుచెవికిని, చాటింపు వేసి యందఱి యెదుట చేపట్టిన తాళపుచెవికిని గల భేదమును ఎక్స్‌జెడ్ మనకు నేర్పినది.

తుదకు మన దేశముమాట. ఓపెన్‌సోర్సు సాఫ్ట్‌వేరునే ప్రభుత్వ కార్యములకు ముందుగా నెన్నుకొనవలెనని భారత ప్రభుత్వము 2015లో విధానము ప్రకటించినది. మంచిదే. హైదరాబాదు, బెంగుళూరు నగరములలోని భవనములలో నీ లైబ్రరీలు లేక యొక్క దినమైన గడవదు. కాని తిరిగి యిచ్చినది ఎంత? జర్మనీ ప్రభుత్వము 2022లో సావరిన్ టెక్ ఫండు నేర్పఱచి యిట్టి లైబ్రరీల పోషణకు ప్రజాధనమును వెచ్చింప మొదలిడినది. మన దేశమున బెంగుళూరి జెరోధా సంస్థ 2024లో ఏటేట పదిలక్షల డాలర్లతో ఫ్లాస్ ఫండును ప్రకటించినది. ఇవి శ్లాఘ్యములు, కాని యొక్క కోయిల కూసినంతనే వసంతము రాదు. ఇన్నివేల కంపెనీలు గల దేశమున, తాము వాడు లైబ్రరీల జాబితా వ్రాసికొని, వానిలో దిక్కులేనివి యేవో గుర్తించి, వారమునకు ఒక్క పూటయైనను తమ పనివారిని ఆ పనికి విడిచిపెట్టు కంపెనీలు ఎన్ని? పరుల యౌదార్యముపై ముప్పూటల బ్రదుకుచు స్వావలంబనమునుగూర్చి యుపన్యసించుట మనకు తగునా? స్వావలంబన మనగా పరుల కోడును తిరస్కరించుట గాదు. అందఱిదగు చెఱువునకు మన వంతు పూడిక మనము తీయుట.

కావున యువకులారా, రేపు మరల ప్రత్యుత్తరము రాని యుత్తరము మీ మనసును కలచినప్పుడు ఒక్క నిమిషమాగుడు. ఆ తలుపు వెనుక నున్నవాడు జబ్బుపడియుండవచ్చును, విసిగియుండవచ్చును, మీరు వ్రాయబోవు కటువైన మాటను ఇదివఱకే నూఱుమంది వ్రాసియుండవచ్చును. మీ ప్రక్కన నిలిచి అదే మాట నఱచుచున్నవాడు ఎవడో మీకు తెలియదు. తలుపు బాదువారు చాలమంది గలరు. నూనె తెచ్చువారే కావలసియున్నారు.